ఆకుపచ్చ వెలుగు ఎందుకంత కష్టం?

పట్టపగటి వెలుతురులో మన కన్ను అన్ని రంగులకన్నా ఆకుపచ్చనే బాగా పట్టుకుంటుంది. 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర దాని చురుకు అత్యధికం. ఎల్‌ఈడీ దీపాలు మాత్రం సరిగ్గా ఆ రంగు దగ్గరే నీరసపడతాయి. నీలం, ఎరుపు బ్రహ్మాండంగా వెలుగుతుంటే మధ్యలో ఆకుపచ్చ ఎందుకు వెనకబడింది?

వెలుగు పుట్టే చోటును చూద్దాం. గాలియం నైట్రైడ్ స్ఫటికం మధ్యలో ఇండియం కలిపిన ఒక పలచని పొర ఉంటుంది. మందం రెండు మూడు నానోమీటర్లు, అంటే సుమారు పది పరమాణు పొరలు. ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు, మరోవైపు నుంచి హోల్స్ అనే ఖాళీలు వచ్చి ఇందులో పడి, బయటికి పోలేక అక్కడే కలుస్తాయి. అప్పుడు విడుదలయ్యే శక్తే కాంతి. ఈ పొర పేరు క్వాంటమ్ బావి.

రంగును తేల్చేది ముఖ్యంగా ఇండియం పాళ్లు. ఇండియం లేని గాలియం నైట్రైడ్ శక్తి అంతరం, అంటే ఎలక్ట్రాన్, హోల్ కలిసినప్పుడు విడుదలయ్యే శక్తి, 3.4 ఎలక్ట్రాన్ వోల్టులు. దాని వెలుగు కంటికి కనబడని అతినీలలోహితం. ఇండియం పెరిగేకొద్దీ వెలుగు నీలానికీ, ఆకుపచ్చకీ జరుగుతుంది. బావి సన్నబడితే మళ్లీ నీలం వైపు మళ్లుతుంది.

మరి ఇండియం ఇంకాస్త కలిపితే సరిపోదా? చిక్కంతా అక్కడే. ఇండియం పరమాణువు గాలియం కన్నా పెద్దది. ఇండియం నైట్రైడ్, గాలియం నైట్రైడ్ స్ఫటికాల అల్లికలో తేడా సుమారు 11 శాతం. అందుకే ఇండియం ఎక్కువైన బావి చుట్టూ ఉన్న స్ఫటికం మధ్య నలుగుతుంది. ఆ ఒత్తిడి వల్ల లోపల బలమైన విద్యుత్ క్షేత్రం తయారై ఎలక్ట్రాన్లను ఒక అంచుకు, హోల్స్‌ను ఇంకో అంచుకు లాగేస్తుంది. కలవాల్సినవి విడిపోతే వెలుగెలా వస్తుంది? పైగా గాలియం నైట్రైడ్‌ను 1000 డిగ్రీల సెల్సియస్ పైన పెంచుతారు. ఆ వేడికి ఇండియం నిలవదు. వేడి తగ్గిస్తే స్ఫటికంలో లోపాలు పెరుగుతాయి.

ఎరుపు దీపాలకు వాడే అల్యూమినియం గాలియం ఇండియం ఫాస్ఫైడ్ కూడా ఆదుకోదు. ఆకుపచ్చ వైపు జరిపేకొద్దీ అందులోని ఎలక్ట్రాన్లు కాంతిని ఇవ్వలేని స్థితుల్లోకి జారిపోతాయి. ఇలా రెండు పదార్థాలూ చేతులెత్తేసే జాగానే గ్రీన్ గ్యాప్ అంటారు.

ఈ గ్యాప్‌ను పూడ్చడం అసాధ్యమని నేననుకోను. 1962లో నిక్ హోలోన్యాక్ ఎరుపు ఎల్‌ఈడీ చేసి చూపాక, కాంతివంతమైన నీలం కోసం మూడు దశాబ్దాలు ఆగాల్సి వచ్చింది. గాలియం నైట్రైడ్ దారికి రాదని చాలామంది వదిలేశారు. జపాన్‌లో అకసాకి, అమానో, నకమురా వదల్లేదు. 2014లో వారికి నోబెల్ దక్కింది.

నేటి తెల్ల బల్బుల్లో చాలావరకు నీలి ఎల్‌ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత పూసినవే. నీలాన్ని పసుపుగా మార్చడంలో కొంత శక్తి వేడిగా పోక తప్పదు. సమర్థమైన ఆకుపచ్చ దొరికితే ఎరుపు, నీలాలతో నేరుగా కలిపి ఆ నష్టం లేకుండా తెలుపు తీయవచ్చు. ఎల్‌ఈడీ పరిశోధనలో ఇవాళ అంతకన్నా విలువైన పని మరొకటి లేదు.