“ఏలుడి”, “ఏలును”: సారా గ్రిమ్కీ, బండారు అచ్చమాంబ, మన వివాహ ప్రసంగాలు

కోరుట్ల, మెట్‌పల్లి వైపు గ్రామ సంఘాలలో వివాహ ఆరాధనకు వెళ్లినవారికి ఆదికాండము 3:16 మీద ప్రసంగము కొత్త కాదు. భార్యను భర్త ఏలవలెనని దేవుడే ఆజ్ఞాపించాడని బోధకుడు చెప్పుతాడు, సంఘము “ఆమేన్” అంటుంది. ఆ పందిరి కింద కూర్చున్న స్త్రీలలో అనేకులు తెల్లవారకముందే లేచి తునికాకు కత్తిరించి, వెయ్యికింత అని బీడీలు చుట్టి ఇల్లు నడిపేవారు. కొందరి భర్తలు ఏండ్లకేండ్లు గల్ఫ్ దేశాలలో ఉన్నారు. అప్పు తీర్చేది, బిడ్డ పెండ్లి కుదిర్చేది, పొలం కౌలుకిచ్చేది ఈ స్త్రీలే. అయినను ఆ వచనము వారి తలలపైనుండి అలాగే దాటిపోతుంది.

ఈ వచనాన్ని గూర్చి అమెరికాలో ఒక స్త్రీ సుమారు 190 సంవత్సరాల క్రితమే వ్రాసింది. సారా గ్రిమ్కీ 1792లో దక్షిణ కరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో బానిసలను కలిగిన ఒక న్యాయాధిపతి ఇంట జన్మించింది. తరువాత ఫిలడెల్ఫియా చేరి క్వేకరు సమాజములో కలిసి, చెల్లెలు ఆంజెలీనాతో కూడ బానిసత్వానికి వ్యతిరేకంగా స్త్రీపురుషులు కలిసిన సభలలో మాట్లాడింది. 1837లో మసాచుసెట్స్ కాంగ్రిగేషనల్ సంఘాల పాదిరులు ఒక కాపరి లేఖ ద్వారా దీనిని ఖండించారు. వారు స్త్రీని పందిరిని ఆనుకొని పాకే తీగతో పోల్చి, తీగ తానే చెట్టుననుకొంటే కూలిపోతుందని హెచ్చరించారు. ఈ ఉపమానం మన పెండ్లి పాటలలోనిదే అనిపిస్తుంది!

ఆ సంవత్సరమే సారా వ్రాయ మొదలుపెట్టిన ఉత్తరాలు 1838లో “స్త్రీపురుష సమానత్వము, స్త్రీ స్థితి” అనే అర్థమిచ్చే పేరుతో పుస్తకంగా వచ్చాయి. అంతకు ముందే 1790లో జూడిత్ సార్జెంట్ మర్రీ బుద్ధిలో స్త్రీ తక్కువ కాదని వ్యాసము ప్రచురించింది. కాని లేఖనాన్నే ఆధారము చేసికొని వరుసగా వాదించిన గ్రంథము సారాది. ఆమె వాదము సూటియైనది. ఆదికాండము 1వ అధ్యాయములో నరునికి, నారికి కలిపి సృష్టిమీద అధికారము ఇవ్వబడింది గాని ఒకరిమీద ఒకరికి ఇవ్వబడలేదు. 3:16లో ఉన్నది పాపఫలమును గూర్చిన ముందుమాటే గాని ఆజ్ఞ కాదు. భార్యలమీద ప్రభుత్వము చేయుటకు అలవాటుపడిన అనువాదకులు ఇంగ్లీషులో దానిని ఆజ్ఞవలె ధ్వనించే క్రియతో తెచ్చారని ఆమె ఆరోపించింది. స్త్రీలు హెబ్రీ, గ్రీకు నేర్చుకొనే దినము వస్తే కొన్ని వచనాలకు వేరు పాఠాలు వస్తాయని కూడా వ్రాసింది. వేదాంత కళాశాలలో ఉన్నవారు ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి.

తరువాతి తరానికి ఈ ఓపిక లేకపోయింది. 1848 సెనెకా ఫాల్స్ సభను నడిపినవారిలో ఒకరైన ఎలిజబెత్ కేడీ స్టాంటన్ 1895, 1898లలో రెండు భాగాలుగా వెలువరించిన “స్త్రీల బైబిలు” లేఖనముతోనే తగవు పెట్టుకొంది. 1896లో ఆమె సహచరుల ఓటుహక్కు సంఘమే 53–41 ఓట్లతో ఆ పుస్తకముతో తమకు సంబంధము లేదని తీర్మానించింది.

సరిగ్గా ఆ కాలముననే తెలుగులో ఒక స్త్రీ వేరొక దారిన అదే ప్రశ్నకు జవాబిచ్చింది. బండారు అచ్చమాంబ 1874లో కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలులో జన్మించింది. కొమర్రాజు లక్ష్మణరావుకు అక్క. బడికి పోయి చదివినది కాదు, తమ్ముని ప్రోత్సాహముతో ఇంట్లోనే పలు భాషలు నేర్చింది. 1901లో వచ్చిన ఆమె “అబలా సచ్చరిత్ర రత్నమాల” స్త్రీలు బలహీనులు, బుద్ధిహీనులు, చదివితే చెడిపోతారు అనే ఆక్షేపణలకు వాదముతో గాక జీవితచరిత్రలతో సమాధానము చెప్పింది. 1902లో బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజము స్థాపించింది. తొలి తెలుగు కథలలో ఒకటిగా ఎంచబడే “ధనత్రయోదశి” ఆ సంవత్సరమే “హిందూసుందరి”లో వచ్చింది. అందులో యజమాని సొమ్ము తెచ్చిన భర్తను భార్యయే సరిదిద్దుతుంది. ఏలుబడి ఎవరిదో పాఠకుడే తేల్చుకోవాలి! పాతివ్రత్యపు చట్రాన్ని ఆమె పూర్తిగా దాటలేదన్నది నిజమే. కాని సారాకు కూడా ఒక చట్రమున్నది. దాని లోపల నిలబడియే ఆమె మాట్లాడింది. మూడవ భాగములో పరదేశ స్త్రీల చరిత్రలు వ్రాయాలని అచ్చమాంబ తలచింది. 1905లో, ముప్పది యేండ్లకే మరణించడంతో అది రాలేదు.

అచ్చమాంబ తన సమాజపు చరిత్రనుండి సాక్షులను పిలిచింది. తెలుగు క్రైస్తవులకు సాక్ష్యము మరి దగ్గరలోనే, చేతిలోని గ్రంథములోనే ఉన్నది. సారా ఇంగ్లీషు అనువాదముతో పోరాడవలసి వచ్చింది. మనకు ఆ అవసరము లేదు. మన సంఘాలలో చదివే పాత అనువాదములో 1:28లో “ఏలుడి” అని ఉంది. అది ఇద్దరికీ కలిపి ఇచ్చిన ఆజ్ఞ. 3:16లో “ఏలును” అని మాత్రమే ఉంది, “ఏలవలెను” అని లేదు. హెబ్రీలో ఇవి రెండు వేరు క్రియలు, రదా, మాషల్. హెబ్రీ క్రియారూపము కొన్ని చోట్ల ఆజ్ఞగా కూడా వాడబడుతుంది గనుక వ్యాకరణముతోనే వ్యాజ్యము ముగియదు. అయితే తెలుగు అనువాదకులు ఇక్కడ ఆజ్ఞార్థకము వాడలేదు. పైగా 2:18లో సహాయమునకు “సాటియైన” అనే విశేషణము చేర్చారు. సాటి అంటే ఏమిటో ఏ తెలుగువానికీ నిఘంటువు అక్కరలేదు. “ఏలవలెను” అనేది అనువాదములో లేదు, మన ప్రసంగములో వచ్చి చేరింది.

జగిత్యాల దగ్గరి ఒక సంఘములో స్త్రీల కూడికలో ఈ రెండు క్రియలను నల్లబల్లమీద వ్రాసి వివరించాను. అంతా విని వెనుక వరుసలోని ఒక పెద్దమ్మ తరువాతి వచనాలు చదివించుకొంది. నేలను గూర్చి చెప్పినచోట “మొలిపించును” అనే మాట రాగానే చేయెత్తింది. “ముండ్లు మొలుస్తయని గూడ దేవుడే చెప్పిండు గద అయ్యగారూ. మరి పసుపు చేన్ల గడ్డి ఎందుకు పీకుతున్నం?” అన్నది.