చెట్టెక్కే పువ్వుకు మట్టెందుకు?

బదనిక పట్టిన మామిడి కొమ్మ క్రమంగా ఎండిపోవడం మన తోటల్లో చాలామంది చూసిందే. అందుకే కొమ్మ మీద ఏ మొక్క కనిపించినా చెట్టు రసం పీల్చేదేనని తీర్మానించేస్తారు. ఆర్కిడ్లకు ఆ పాపం అంటదు. నర్సరీల్లో అమ్మే తెల్లని ఆర్కిడ్లైన ఫెలనాప్సిస్‌లకు మూలమ్మ లాంటిది ఫెలనాప్సిస్ అమాబిలిస్. 1993లో ఇండోనేషియా ప్రకటించిన మూడు జాతీయ పుష్పాల్లో ఇదొకటి. అక్కడి అడవుల్లో ఇది కొమ్మను కరుచుకుని ఉంటుందే తప్ప చెట్టు నుంచి చుక్క రసం తీసుకోదు. వాన నీరు, కొమ్మ సందుల్లో చివికిన ఆకులు, అంతే దాని తిండి.

ఇది తెలియక, మట్టి లేకపోతే పాపం ఎలా బతుకుతుందని ఎర్రమట్టి కుండీలోకి మార్చేస్తుంటారు. దాని వేళ్లకు స్పాంజిలాంటి పొర ఉంటుంది. నీరు తగలగానే పీల్చుకుంటుంది, తర్వాత గాలికి ఆరాలి. మట్టిలో ఆరదు, కుళ్లుతుంది. చెట్టు బెరడు ముక్కలు, బొగ్గు, కొబ్బరి డొక్క ముక్కలు చాలు. కుండీ దాటి పాకే వేళ్లను కత్తిరించడం కూడా ఇలాంటి అతి శ్రద్ధే.

రోజూ నీళ్లు పోయాలన్నదీ అపోహే. వేరు వెండి రంగుకు తిరిగితే పోయాలి, పచ్చగా ఉంటే ఆగాలి. ఆకుల నడుమ మొవ్వులో నీరు నిలిస్తే మొవ్వే కుళ్లుతుంది.

అమెరికాలో నీళ్లకు బదులు వారానికి మూడు ఐసు ముక్కలు పెట్టమన్న సలహా మీద పెంపకందార్లు మండిపడ్డారు. తమాషా ఏమిటంటే, ఒహాయో స్టేట్, జార్జియా విశ్వవిద్యాలయాలు పరీక్షించి 2017లో ప్రచురించిన ఫలితాల్లో, బెరడు ముక్కల్లో పెరిగే మొక్కలకు దానివల్ల నష్టమేమీ కనబడలేదు. అలాగని ఫ్రిజ్ తెరవక్కర్లేదు, మామూలు నీళ్లు చాలు.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు, పూలు రాలగానే మొక్క పనైపోయిందని పారేయడం. రెండు మూడు నెలలు పూసిన మొక్కకు విశ్రాంతి కావాలి, అంతే. వేడి సుమారు 28 డిగ్రీలు దాటి ఉన్నన్నాళ్లూ ఫెలనాప్సిస్ కొత్త పూకాడ వేయదు. పూతను ఆపడానికి గ్రీన్‌హౌస్ రైతులు కావాలనే ఆ వేడిలో ఉంచి, అదను చూసి చల్లబరుస్తారు. మన ఎండాకాలం ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది! విజయవాడలో మే నెలలో పూకాడ రాలేదని ఎరువు గుప్పిస్తే లాభం లేదు.

దీపావళి దాటి రాత్రులు చల్లబడ్డాక ఆకు మొదట్లో కొస తేలిన పచ్చని మొలక కనిపిస్తుంది. వేరు కొస గుండ్రంగా ఉంటుంది, దీనిది కాదు. వేరనుకుని తుంచేయకండి.