ప్రశ్న వాక్యగర్భమున నొదుగు తీరు

"వాడెక్కడ నున్నాడు?" అని అడుగుదుము, "వాడెక్కడ నున్నాడో యెఱుగను" అని చెప్పుదుము. రెంటియందును పదముల వరుస ఒక్కటియే. క్రియ చివర ఓకారమొక్కటి తగులుకొనగానే, అడుగుట యను వ్యాపారము సమసి, ప్రశ్న మఱియొక వాక్యమునకు అంగమై యొదిగిపోవుచున్నది. ఇంత సులువైన ఏర్పాటు ఉగ్గుపాలతో నబ్బిన మనకు, ఇంగ్లీషున "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి" అనుటలో దోషమేమియు చెవికి తగులకుండుట వింత కాదు. చిన్ననాట నా నోటుపుస్తకమున ఇట్టి వాక్యముల క్రింద ఎఱ్ఱసిరా గీతలు పడినవే కాని, కారణమెవ్వరును చెప్పిన పాపమున పోలేదు.

ఇంగ్లీషున ప్రశ్నార్థమును తెలుపు భారము చాలవఱకు పదముల వరుసపైన నున్నది. "హి ఈజ్ హియర్" అని కర్త ముందును క్రియ వెనుకను నిలుచుట ఆ భాషకు సహజస్థితి. అడుగదలచినప్పుడు క్రియ కర్తను దాటి ముందునకు వచ్చును. అట్టి ప్రశ్నను "నాకు తెలియదు", "చెప్పగలరా" వంటి మాటలకు లోబఱచినపుడు, అది యిక తానుగా నడుగుట లేదు గనుక, దాటివచ్చిన క్రియ తన చోటికి మరలిపోవలెను: "ఐ డోంట్ నో వేర్ హి ఈజ్." మన ఓకారము చేయు పనిని అచ్చట ఈ మరలింపు చేయుచున్నది. "కుడ్ యు టెల్ మి వేర్ ది స్టేషన్ ఈజ్?" అను వాక్యము చివర ప్రశ్నచిహ్నమున్నను, అది "చెప్పగలరా" అను మాటకు చెందినదే కాని స్టేషనుకు చెందినది కాదు.

చిక్కంతయు "డూ" అనుదానితోడిది. "వేర్ డజ్ హి లివ్?" అను చోట డజ్ అనునది అడుగుటకై వచ్చిన కూలివంటిది, పని తీరగానే వెడలిపోవును గాని, పోవుచు తాను మోసిన ఎస్ అను అక్షరమును అసలు క్రియకు అప్పగించి మఱి పోవును: "ఐ నో వేర్ హి లివ్స్." డిడ్ అయినచో భూతకాలమును అప్పగించును, "వెన్ డిడ్ హి కమ్?" అనునది "వెన్ హి కేమ్" అగును. పూర్వమీ కూలి లేనేలేదు. అసలు క్రియయే కర్తను దాటుచుండెడిది. 16వ శతాబ్దమున దీని వాడుక ప్రబలిన తీరును స్వీడను పండితుడు ఎలెగార్డు 1953లో ప్రకటించిన గ్రంథమున పాతరచనల నుండి లెక్కించి చూపెను.

ప్రశ్నపదము లేనిచోట ఇఫ్, వెదర్ అనునవి వచ్చును. వెదర్ అను మాటకు ప్రాచీనార్థము "రెంటిలో నేది" యని. మన "వచ్చునో రాదో" అను జంట ఆ ఒక్క మాటలో నడగియున్నది. "హూ బ్రోక్ ది పాట్?" వంటి చోట ప్రశ్నపదమే కర్త; దాటినదేదియు లేదు గనుక మరలునదియు లేదు.

ఇంతకును మనము దోషమనునది ఐర్లండు వాడుకలో దోషమే కాదు. "ఐ వండర్ ఈజ్ హి కమింగ్" అని అచ్చటివారు నిస్సంకోచముగా పలుకుదురు. అయినను మన కాగితములు దిద్దువాడు ఐర్లండువాడే యగునని నమ్ముకొని వ్రాయుట సాహసము.