తన పట్టాలు తానే మోసుకెళ్లే బండి

రైలుకు పట్టాలు నేలమీద ఉంటాయి. బండి వచ్చినా రాకపోయినా ఎండకూ వానకూ అక్కడే పడి ఉంటాయి. ఎక్కడైనా బీటలిస్తే చూసుకోడానికి కీమ్యాన్ ఉంటాడు. మంచు మీద నడిచే స్నోమొబైల్‌కు ఆ భాగ్యం లేదు, దాని పట్టాలు దాని కడుపులోనే ఉంటాయి. ఐదడుగుల పొడవున్న అల్యూమినియం కమ్మీలు రెండు, మధ్యలో జానెడు ఎడం. వాటి చుట్టూ వెడల్పాటి రబ్బరు ట్రాక్ తిరుగుతుంటుంది. ఇంజను ట్రాక్‌ను తిప్పుతుంది, ట్రాక్ మంచును పట్టుకుంటుంది, పట్టాలు ఆ ట్రాక్ లోపలి ముఖం మీద జారుకుంటూ ముందుకు పోతాయి. బండి తన దారి తానే పరుచుకుని, వెనక నుంచి చుట్టి మళ్లీ ముందు పరుచుకుంటుందన్నమాట.

బండిని కొన్నవాడు ఇంజను ఎన్ని సీసీలో చెబుతాడు, హార్స్‌పవర్ చెబుతాడు, రంగు చూపించి మురిసిపోతాడు. పట్టాల మాట ఎత్తడు. కొండ మీద, ట్రక్కు ఆపిన చోటికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో, వాటిలో ఒకటి పుటుక్కుమన్న రోజున మాత్రం ఇంకో మాట ఉండదు.

మంచు మీద మోటారు పరిగెత్తించాలన్న పిచ్చి వందేళ్ల నాటిది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, సేనర్ అనే చిన్న ఊళ్లో కార్ల్ ఎలియాసన్ అని ఒక దుకాణదారు ఉండేవాడు. పాదంలో లోపం ఉండటంతో వేటకు వెళ్లే స్నేహితులతో సమానంగా మంచులో నడవలేకపోయేవాడు. 1924లో పడవలకు బిగించే రెండున్నర హార్స్‌పవర్ మోటారు ఒకటి తెచ్చి, పొడవాటి చెక్కబల్ల లాంటి మంచుబండికి తగిలించి నడిపాడు. 1927లో పేటెంటు వచ్చింది.

అటు కెనడాలో, క్విబెక్‌లోని వాల్కూర్‌లో, జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియే కథ అంత సరదాగా ఉండదు. 1922లో, పదిహేనేళ్ల వయసులో, పాత ఫోర్డ్ ఇంజనుకు విమానం రెక్కల లాంటి పంకా బిగించి మంచు మీద పరిగెత్తించాడు. గిర్రున తిరిగే ఆ పంకాను చూసి హడలిపోయిన తండ్రి అక్కడికక్కడే విప్పించేశాడు. పన్నెండేళ్ల తర్వాత, 1934 చలికాలంలో, బొంబార్డియే రెండేళ్ల కొడుకు ఈవోన్‌కు అపెండిక్స్ ముదిరింది. దారులన్నీ మంచు కప్పేసింది. ఆసుపత్రికి చేర్చే సాధనం లేక పిల్లవాడు పోయాడు. మంచులో నడిచే బండి అప్పటికి ఆయన వర్క్‌షాపులోనే, సగం పనిలో ఉంది. ఆ తర్వాత రబ్బరు తొడిగిన పళ్లచక్రం, దానితో తిరిగే ట్రాక్ తయారుచేసి 1937లో పేటెంటు తీసుకున్నాడు. ఏడుగురు కూర్చునే బి-7, పన్నెండుగురి బి-12 వచ్చాయి. అవి డాక్టర్లనూ టపానూ బడిపిల్లలనూ మోశాయి. ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి, స్కీ-డూ, 1959లో గానీ రాలేదు. తొలి ఏడాది అమ్ముడైనవి 225. ఐదేళ్లు తిరక్కుండానే, 1964లో, బొంబార్డియే కన్నుమూశాడు.

ఆ చిన్న బండ్లకు ఇంకా పట్టాలు లేవు. ట్రాక్ లోపల స్ప్రింగులు తగిలించిన చిన్న చక్రాల జతలుండేవి, వాటిని బోగీలనేవారు. 1968లో రాల్ఫ్ ప్లెయిస్టెడ్ బృందం ఉత్తరధ్రువం చేరింది అలాంటి బండ్ల మీదే. కానీ చక్రానికీ చక్రానికీ మధ్య ట్రాక్‌ను పట్టుకునేది ఏదీ ఉండదు. బండి బరువు చక్రాల కింద కుప్పపడుతుంది, నడుమ ట్రాక్ వదులుగా పైకి ఉబ్బుతుంది. మంచు మెత్తనైతే బండి దిగబడుతుంది, గట్టిదైతే ఎగిరెగిరి నడుములు విరగ్గొడుతుంది. 1960ల మధ్య నుంచి చక్రాలకు బదులు జారుడు పట్టాలు పెట్టడం మొదలైంది. ముందుగా చేపట్టినవాళ్లలో మిన్నెసోటాకు చెందిన ఆర్కిటిక్ క్యాట్ ఒకటి. 1970లలో మిగతావాళ్లూ అదే దారి పట్టారు.

పట్టా అడుగు అంచున, పొడవునా, పాలిథీన్ పట్టీ ఒకటి తొడుగుతారు. వాడేవాళ్లు దాన్ని హైఫాక్స్ అంటారు. ట్రాక్‌కు వరుసగా బిగించిన లోహపు క్లిప్పులు దీని మీదే రాసుకుంటూ పోతాయి. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 28 మీటర్ల రాపిడి. నూనె లేదు, గ్రీజు లేదు. ట్రాక్ ఎగరేసే మంచు పొడే దీనికి కందెన, చల్లదనం కూడా అదే. మంచు పొడి లేని ఒట్టి గడ్డ మీద కాసేపు పరిగెత్తిస్తే చాలు, 130 డిగ్రీల చిల్లరకే కరిగే ఆ ప్లాస్టిక్ క్లిప్పులకు అంటుకుపోతుంది. మంచు కోసం పుట్టిన బండి మంచు లేకపోతే తన కాళ్లు తానే కాల్చుకుంటుంది. మొత్తం యంత్రంలో నాకు ఎక్కువ నచ్చిన సంగతి ఇదే.

పట్టాలు బండి చట్రానికి నేరుగా బిగిసి ఉండవు. ముందొకటి, వెనకొకటి ఊగే చేతులుంటాయి. వాటి మధ్య షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు. ఈ మొత్తాన్ని స్కిడ్ అంటారు. గుంట వస్తే స్కిడ్ మడుచుకుంటుంది, మిట్ట దాటాక చాచుకుంటుంది. చదును దారుల్లో ఇంతే కథ. చిక్కంతా కొండలతో వచ్చింది.

బ్రిటిష్ కొలంబియాలో రెవెల్‌స్టోక్, మోంటానాలో కుక్ సిటీ లాంటి చోట్ల మంచు పిండిలా పడుతుంది. మనిషి అడుగు వేస్తే నడుము దాకా దిగుతాడు. అక్కడ తేలాలంటే ట్రాక్ పొడవు పెరగాలి. 1990లలో 136 అంగుళాల చుట్టుకొలత ఉంటే పెద్ద ట్రాక్ అనుకునేవారు. ఇప్పుడు 165 మామూలు, 175 కూడా దొరుకుతుంది. లెక్క వేసి చూడండి. బండీ మనిషీ పెట్రోలూ కలిసి 320 కిలోలనుకుందాం. నేలకు ఆనే ట్రాక్ 1.7 మీటర్ల పొడవు, 38 సెంటీమీటర్ల వెడల్పు. చదరపు సెంటీమీటరుకు 50 గ్రాముల బరువు మించదు. రెండు కాళ్ల మీద నిలబడ్డ 70 కిలోల మనిషి పాదాల కింద అంతకు మూడు రెట్లు పైనే పడుతుంది.

ట్రాక్ పొడుగైతే లోపలి పట్టా కూడా పొడుగవ్వాలి. వెనక చేయి బిగించిన చోటు దాటి తోకలా ఇంకా వెనక్కి సాగాలి. పొడుగు పెరిగిన కొద్దీ అది గునపమే. గునపం కొసన చిన్నపిల్లవాడు వేలాడినా బండరాయి కదులుతుంది. ఇక్కడ కొసన పడేది చిన్నపిల్లవాడి బరువు కాదు. మీటరున్నర ఎత్తు నుంచి బండి కిందికి దూకిందనుకుందాం. స్కిడ్ 30 సెంటీమీటర్లు మడుచుకుని ఆ వేగాన్ని పూర్తిగా మింగితే, సగటు బలం బండి బరువుకు ఆరు రెట్లు, అంటే రెండు టన్నులకు కాస్త తక్కువ. ఇదీ అన్నీ సవ్యంగా జరిగితేనే. తోక ముందు తగిలితే ఆ బలంలో పెద్ద వాటా పట్టాల కొసల మీదే పడుతుంది. వంపు తీవ్రత మాత్రం కొసన కాదు, చేతులు బోల్టు వేసి బిగించిన చోట. విరిగిన పట్టాలను చూస్తే ఎక్కువగా ఆ బోల్టు రంధ్రాల్లోంచే చీలి ఉంటాయి.

లోహానికి రంధ్రం పెట్టడమంటే ఏరుకు అడ్డంగా గుంజ పాతినట్టే. నీళ్లు గుంజకు రెండు పక్కలా చుట్టుకుని వేగంగా పోయినట్టు, బలం రంధ్రం అంచుల్లో కిక్కిరుస్తుంది. వెడల్పాటి రేకులో గుండ్రటి రంధ్రం అంచున ఒత్తిడి మామూలు కన్నా మూడు రెట్లు ఉంటుంది. పట్టా తీసుకుని తూచి, వంచి, "చాలు, గట్టిదే" అనుకుంటే సరిపోదు. రంధ్రం పక్కనున్న మిల్లీమీటరు మేర లోహాన్ని అడగాలి.

పట్టా ఒక్క దెబ్బకు విరగడం తక్కువే. దాగిన మొద్దుకో బండకో ముక్కు గుద్దుకుంటే ఒంగుతుంది, అది కంటికి కనపడుతుంది. కనపడకుండా చంపేది అలసట. ఇనుప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి తెంపుతామే, అదే సంగతి, కాకపోతే ఇక్కడ వంపు కనపడనంత చిన్నది, లెక్క లక్షల్లో. జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులు ఎందుకు తెగుతున్నాయని 1850, 60లలో ఏళ్ల తరబడి తిప్పి తిప్పి పరీక్షించాడు. ఒక హద్దు కన్నా తక్కువ ఒత్తిడితో ఉక్కును ఎన్నిసార్లు వంచినా అది తెగదని ఆ పరీక్షల్లో తేలింది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. ఎంత చిన్న కుదుపైనా దాని ఖాతాలో పడుతుంది, ఖాతా ఎప్పుడో ఒకనాడు నిండుతుంది. 1954లో కామెట్ జెట్ విమానాలు గాలిలోనే పగిలిపోయింది ఈ అలసట వల్లే. అక్కడా పగుళ్లు పుట్టింది శరీరానికి కోసిన కంతల మూలల్లో, రివెట్ల రంధ్రాల్లో.

మైనస్ 30 డిగ్రీల చలికి లోహం పెళుసెక్కి విరిగిందంటారు చాలామంది. ఉక్కు సంగతిలో అది నిజమే. రెండో ప్రపంచయుద్ధంలో లిబర్టీ ఓడలు చలి సముద్రాల్లో నిలువునా చీలాయి. అల్యూమినియం పరమాణువుల అమరిక వేరు, చలిలో అది పెళుసెక్కదు, పైగా కొంచెం గట్టిపడుతుంది. పట్టా విషయంలో చలి నిర్దోషి.

అయితే ఉక్కుతోనే చేసుకోవచ్చుగా? అదే పరిమాణంలో ఉక్కు దాదాపు మూడు రెట్లు బరువు. కొండబండికి బరువు పాపం లాంటిది. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలచబడి, టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకూ మూడు శాతం శక్తి పోగొట్టుకుంటుంది. 9,000 అడుగుల దగ్గర పావు వంతు గల్లంతు. పైగా బండి దిగబడితే తోక పట్టుకుని ఎత్తాల్సింది మనిషే. అందుకే తయారీదార్లు ఒకరి కంటే ఒకరు తేలికగా చేయాలని అర కిలో అర కిలో చొప్పున చెక్కుకుంటూ వచ్చారు. పట్టా నడుమ బద్దలో కిటికీలు కోశారు, గోడలు పలచబరిచారు. బడిలో వాడే స్కేలును బల్లపరుపుగా పట్టుకుంటే వంగుతుంది, నిలువుగా పట్టుకుంటే వంగదు. ఎత్తు రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు. కాబట్టి పట్టా ఎత్తుగా, సన్నగా ఉండటం తెలివే. కానీ నిలువు స్కేలును పక్కకు తోసి చూడండి, మెలితిరిగిపోతుంది.

కొండ మీద నడిపేవాళ్లు సరిగ్గా అలాగే తోస్తారు. ఏటవాలుకు అడ్డంగా పోవాలంటే బండిని ఒక పక్కకు పడుకోబెట్టి, ముందున్న రెండు స్కీల్లో ఒకదాన్ని గాలిలో ఉంచి, ట్రాక్ ఒక అంచుతోనే మంచును కోస్తూ పోవాలి. దాన్ని సైడ్‌హిల్ అంటారు. అప్పుడు బరువంతా ఒక పట్టా మీద, రెండోది పేరుకే ఉంటుంది. మెలిక రెండు పట్టాలనూ కలిపే అడ్డకడ్డీల బోల్టుల మీద పడుతుంది. ఈ మెలికను అడ్డుకోవడం మానేసి దారిచ్చినవాళ్లున్నారు. స్కీ-డూ 2013 మోడల్‌లో టీ-మోషన్ పేరుతో పట్టాలు పక్కకు కాస్త ఒరిగేలా స్కిడ్ వెనక భాగంలో కీళ్లు పెట్టింది. ఆర్కిటిక్ క్యాట్ 2019 మోడల్‌లో ఇంకా తెగించి రెండు పట్టాలను ఒకటి చేసేసింది. ఆల్ఫా వన్ అనే ఆ బండికి నడుమన ఒకే ఒక దూలం. బరువు తగ్గింది, ఏటవాలున ట్రాక్ చక్కగా ఒరిగింది. రెండు కాళ్ల బరువు ఒంటికాలు మోస్తుందా అని అప్పట్లో చాలామంది ముఖం చిట్లించారు. మెలిక సంగతి వరకూ చూస్తే నాకది సబబుగానే తోస్తుంది, జంట పట్టాల్లో ఒకదాని మీద ఒకటి లాగులాడుకునే గొడవ దీనికి లేదు.

ఇక సొంతంగా బలపరుచుకునేవాళ్ల సంగతి. విరిగే చోట పక్కన ఇంకో అల్యూమినియం బద్ద వేసి రివెట్లు కొడతారు. లారీ కమాన్ కట్టకు ఇంకో పట్టీ చేర్చినట్టు కనపడుతుంది గానీ, కమాన్ పట్టీలు మెట్లు మెట్లుగా పొట్టివవుతూ పోతాయి, బిగువు నెమ్మదిగా తగ్గుతుంది. ఇక్కడ బద్ద ఠక్కున ఆగిపోతుంది. బద్ద ఉన్నంతమేరా గట్టి, అది ముగిసిన గీత దగ్గర మెత్తన. మరుసటి సీజనులో పట్టా ఆ గీత దగ్గరే విరుగుతుంది. రోగం నయం కాలేదు, నాలుగంగుళాలు వెనక్కి జరిగింది. కొసలు ఏటవాలుగా చెక్కిన బద్దలైతే కొంత మేలు.

వెల్డింగ్ ఇంకా చేటు. 6061 లాంటి అల్యూమినియం మిశ్రమానికి బలం వచ్చేది వేడిచేసి, చటుక్కున చల్లార్చి, మళ్లీ 170 డిగ్రీల పైచిలుకు వేడిలో గంటల తరబడి మగ్గబెడితే. మాగుడు వల్ల అల్యూమినియం గట్టిపడుతుందని 1906లో బెర్లిన్ దగ్గర ఆల్‌ఫ్రెడ్ విల్మ్ కనిపెట్టాడు, అదీ అనుకోకుండానే. చల్లార్చిన ముక్కను రెండ్రోజులు పక్కన పడేసి వచ్చి చూస్తే గట్టిపడి ఉంది. వెల్డింగ్ మంట ఈ మాగుడంతా చెరిపేస్తుంది. అతుకు బాగానే నిలుస్తుంది, అతుకు పక్కన లోహం దాదాపు సగం బలానికి దిగిపోతుంది.

అనుభవం ఉన్నవాళ్లు ఏప్రిల్‌లో మంచు కరిగాక స్కిడ్ మొత్తం విప్పి, కడిగి, ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ గోరు పెట్టి తడుముతారు. వెంట్రుకంత గీత కూడా గోరుకు తగులుతుంది. తగిలితే ఆ పట్టా మార్చేయడమే సరైన పని. మార్చే దాకా పగులు సాగకుండా ఆపే పాత చిట్కా ఒకటుంది, విమానాల రేకు పనివాళ్లు ఎప్పటి నుంచో వాడేది. పగులు కొస ఎక్కడ ముగిసిందో వెతికి పట్టుకుని, సరిగ్గా ఆ కొసన డ్రిల్లుతో ఒక చిన్న గుండ్రటి రంధ్రం పెడతారు. సూదిమొనలా చీల్చుకుపోతున్న కొస ఆ గుండ్రంలో పడి మొండిబారుతుంది. బోల్టు రంధ్రం దగ్గర పుట్టిన పగులు ఇంకో రంధ్రంలో ఆగుతుంది, కొన్నాళ్లకైనా.