వీడికి కుదురెందుకు లేదు?

1937. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పిల్లల మానసిక చికిత్సాలయం ఒకటి. అక్కడి డాక్టరు చార్లెస్ బ్రాడ్లీ, తలనొప్పి తగ్గుతుందేమోనని పిల్లలకు బెంజెడ్రిన్ అనే మాత్ర ఇచ్చాడు. తలనొప్పి సంగతి అటుంచితే, ముప్ఫై మందిలో దాదాపు సగం మంది బుద్ధిగా కూచుని చదవడం మొదలెట్టారు. పిల్లలు వాటికి ‘లెక్కల మాత్రలు’ అని పేరు కూడా పెట్టేశారు. విచిత్రమేమిటంటే, అది ఉత్తేజం పుట్టించే మందు. కాలు కాలిన పిల్లిలా తిరిగే పిల్లవాణ్ని మరింత రెచ్చగొట్టాల్సింది పోయి, కుదురుగా కూచోబెట్టింది!

ఎలాగన్నది తర్వాత్తర్వాత తెలిసింది. పనిమీద మనసు నిలపడం, తొందరపాటును ఆపుకోవడం మెదడు ముందుభాగం చూసుకునే పనులు. వాటికి డోపమైన్ వంటి రసాయనాలు సరిగ్గా అందాలి. మందు చేసేది ఆ సాయమే. ఇలా కుదురూ, ఏకాగ్రతా నిలవని సమస్యనే ఏడీహెచ్‌డీ అంటారు. అది ఉన్న పిల్లల్లో మెదడు పైపొర ఎదుగుదల సగటున మూడేళ్లు ఆలస్యంగా సాగుతుందని 2007లో అమెరికా పరిశోధకులు స్కానింగుల్లో చూశారు. బెత్తం ఈ ఆలస్యాన్ని తగ్గించలేదు.

వంశపారంపర్యం పాత్ర కూడా చాలా ఎక్కువ. “చిన్నప్పుడు నేనూ వీడిలాగే ఉండేవాణ్ని, ఇప్పుడేమైంది?” అని తండ్రి తేలిగ్గా అనేస్తాడు. డాక్టరుకు మాత్రం అది పనికొచ్చే సమాచారం.

అయితే అల్లరి చేసే ప్రతి పిల్లాడికీ ఈ ముద్ర వేయకూడదు. రక్తపరీక్షతో, స్కానింగ్‌తో తేలే సమస్య కాదిది. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై, ఆరు నెలలకు తగ్గకుండా, ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి. అమెరికాలో సెప్టెంబరు 1 నాటి వయసును బట్టి బడిలో చేర్చుకునే రాష్ట్రాలపై 2018లో ఓ అధ్యయనం వచ్చింది. సెప్టెంబరులో పుట్టినవారికంటే, తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లైన ఆగస్టు పిల్లల్లో ఈ నిర్ధారణ 34 శాతం ఎక్కువట. అంటే కొందరిలో జబ్బనుకున్నది పసితనమే కావచ్చు. వయసు ఎక్కువ వేయించి మరీ పిల్లల్ని ఒకటో తరగతిలో కూచోబెట్టే మన తొందర ఇక్కడ గుర్తుకు రాకమానదు.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఏడీహెచ్‌డీ ఉన్న చాలామంది ఆడపిల్లలది. గంతులుండవు, గొడవుండదు. పాఠం సగంలో ఉండగానే మనసు ఎటో పోతుంది, హోంవర్కు పుస్తకం ఇంట్లోనే మరిచిపోతుంది. ఎవరికీ ఇబ్బంది లేదు కనుక ఎవరూ ఫిర్యాదు చేయరు. ‘పరధ్యానం పిల్ల’ అన్న పేరుతోనే పదో తరగతి దాటేస్తుంది.

ఆరేళ్లలోపు పిల్లలకైతే ముందుగా కావలసింది తల్లిదండ్రులకు శిక్షణే. చిన్న చిన్న పనులు అప్పజెప్పడం, చేయగానే మెచ్చుకోవడం, రోజూ ఒకే వేళకు ఒకే పని చేయించడం అందులో నేర్పుతారు. ఆ తర్వాత అవసరమైతే మందులు. వాటితో ఆకలి, నిద్ర తగ్గవచ్చు కాబట్టి డాక్టరు కనిపెట్టుకుని ఉండాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించాల్సిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఆ కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చే వైద్య బృందానికి పిల్లల ఎత్తూ బరువులతోపాటు ఈ సంగతీ చెప్పండి. అల్లరివాడి గురించే కాదు, చివరి బెంచీలో నోరు విప్పని అమ్మాయి గురించి కూడా.