ఇప్పుడే కొనేదా... ఆగేదా?

సంక్రాంతి పండగ వెళ్లిన మూడో రోజు ఆళ్లగడ్డ నుంచి మామ ఫోన్.

'ఏం అల్లుడా, పేపర్లో ఉంటావు కదా, నాకో సంగతి చెప్పు. కంప్యూటర్‌కి కొత్త ప్రాసెసర్ వేయిద్దామనుకుంటున్నా. షాపాయనేమో ఇప్పుడే వేయించుకో, రేట్లు పెరుగుతాయంటాడు. ఇంకో ఆయనేమో ఆగన్నా, ఆరు నెలల్లో కొత్తవి వస్తాయి, ఇవి తగ్గుతాయంటాడు. కొనేదా... ఆగేదా?'

మామకు ఆళ్లగడ్డలో చిన్న ఫొటో స్టూడియో ఉంది. ఆయనది 2017లో కొన్న కంప్యూటర్. ఇంటెల్ ఐ5-7400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్కు. అప్పట్లో పెళ్లి వీడియో అంటే హెచ్‌డీ. ఇప్పుడు ఎవరైనా '4కె ఉందా?' అనే అడుగుతున్నారు. అహోబిలంలో పెళ్లి చేసినా, నంద్యాల ఫంక్షన్ హాల్లో చేసినా అదే మాట. నంద్యాల షాపులో మొత్తం కొత్త కంప్యూటర్‌కి 75 వేలని లెక్క వేసిచ్చారట. అత్త దగ్గర ఆ డబ్బు ఉంది. కానీ అది జూన్‌లో అమ్మాయి కాలేజీ ఫీజు కోసం పక్కన పెట్టినది!

ఈ ప్రశ్న ఒక్క మామదే కాదు. కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లో ఏదో ఒకరోజు వచ్చేదే. అందుకే ఆ ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కాను.

'ఆగు' అనే మాట ఎక్కడిది?

ఇంటెల్ సహ వ్యవస్థాపకుడు గోర్డన్ మూర్ 1965లో ఒక మాట చెప్పారు. చిప్ మీద పట్టే భాగాల సంఖ్య ఏటా రెట్టింపవుతుందని. 1975లో దాన్ని సవరించి రెండేళ్లకోసారి అన్నారు. అదే మూర్ సూత్రంగా పేరుపడింది. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్‌లో ఉన్నవి 2,300 ట్రాన్సిస్టర్లు. ఇప్పటి ప్రాసెసర్లలో అవి వందల కోట్లలో ఉంటాయి.

వేగం కూడా అలాగే పరుగెత్తింది. 1993లో తొలి పెంటియం 60 మెగాహెర్ట్జ్‌తో మొదలైంది. 2000 మార్చిలో ఏఎండీ అథ్లాన్ 1 గిగాహెర్ట్జ్ అందుకుంది. రెండు రోజుల తేడాతో ఇంటెల్ కూడా చేరుకుంది. 2004 చివరికల్లా పెంటియం 4 ఏకంగా 3.8 గిగాహెర్ట్జ్‌కి వెళ్లింది. ఆ రోజుల్లో ఆరు నెలలు ఆగినవాడికి నిజంగానే లాభం. ఈ రోజు కొన్నది ఏడాది తిరిగేసరికి పాతబడేది. 'ఆగు' అనే సలహా ఆ కాలం నాటిదే.

ఆ తర్వాత కథ మారింది. వేగం పెంచేకొద్దీ చిప్ పొయ్యిలా కాలడం మొదలైంది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను తెస్తామన్న ఇంటెల్ 2004లోనే ఆ ఆలోచన మానుకుంది. 6 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ బజారులోకి వచ్చింది 2023లో! నాలుగేళ్లలో దాదాపు నాలుగు రెట్లు పెరిగిన వేగం, ఆ తర్వాత 18 ఏళ్లలో రెట్టింపు కూడా కాలేదన్నమాట. కంపెనీలు దారి మార్చాయి. ఒక మెదడు బదులు రెండు, నాలుగు, ఆరు, పదహారు కోర్లు పెట్టాయి. ప్రతి టిక్కుకీ ఎక్కువ పని జరిగేలా చూశాయి. మెరుగుదల ఉంది, కానీ ఒక తరానికీ మరో తరానికీ మధ్య తేడా వెనకటంత కాదు.

కూర్చుని గెలిచే లెక్క

ఆగడం మీద ఒక సరదా పరిశోధన కూడా ఉంది. 1999లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం ఖగోళశాస్త్ర విభాగంలో కొందరు కూర్చుని లెక్క కట్టారు. ఏడాదిన్నరకోసారి కంప్యూటర్ వేగం రెట్టింపవుతుందనుకుందాం. ఇప్పటి యంత్రంతో ఐదేళ్లు పట్టే గణన ఉంది. ఏడాదిన్నర ఊరికే కూర్చుని అప్పుడు కొత్త యంత్రం కొంటే, మిగతా పని రెండున్నరేళ్లలో అయిపోతుంది. మొత్తం నాలుగేళ్లే. అంటే ముందే మొదలుపెట్టినవాడికన్నా ఏడాది ముందు!

అయితే వాళ్లే గీత కూడా గీశారు. పని 26 నెలలకు మించి పట్టేదైతేనే ఆగడంలో లాభం. అంతకు తక్కువైతే ఉన్నదానితో వెంటనే మొదలుపెట్టడమే మేలు.

ఇది చెబితే మామ నవ్వాడు. 'నా పెళ్లి వీడియో ఇరవయ్యారు నెలలు తీసుకుంటే పెళ్లికొడుకు బిడ్డ బారసాల కూడా అందులోనే కలపచ్చు!'

రోగం ఎక్కడ? మందు ఎక్కడ?

కంప్యూటర్ నెమ్మదించగానే అందరం ప్రాసెసర్‌నే అనుమానిస్తాం. అది అన్నిసార్లూ నిజం కాదు. మామ స్టూడియోలో కరిజ్మా ఆల్బమ్ డిజైన్ తెరిచి, పక్కన టాస్క్ మేనేజర్ పెట్టి చూశాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే వస్తుందది. ప్రాసెసర్ 30 శాతం దగ్గర తీరిగ్గా ఉంది. మెమరీ నిండిపోయింది. హార్డ్ డిస్కు 100 శాతం దగ్గర రొప్పుతోంది!

కారణం సులువే. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో చేస్తే అందులో 3 కోట్ల 88 లక్షల చుక్కలుంటాయి. చుక్కకి మూడు బైట్ల చొప్పున ఒక్క లేయరుకే 110 ఎంబీ దాటుతుంది. ఇరవై లేయర్లు పెడితే రెండు జీబీల పైమాటే. విండోస్‌కీ, ఫొటోషాప్‌కీ పోగా 8 జీబీలో మిగిలేదెంత? ర్యామ్‌లో పట్టనిదంతా హార్డ్ డిస్కు మీదికి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇక్కడ ఎంత కొత్త ప్రాసెసర్ పెట్టినా అది డిస్కు కోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సిందే. దీనికి మందు ఎస్ఎస్‌డీ, ఇంకొంచెం ర్యామ్.

తర్వాత 4కె వీడియో రెండర్ పెట్టి చూశాం. ఈసారి ప్రాసెసర్ 100 శాతం. నాలుగు కోర్లూ ఊపిరాడక ఉన్నాయి. రాత్రి పెడితే ఆరు గంటలు! మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. ఇక్కడ మాత్రం రోగం ప్రాసెసర్‌దే.

పేరు ఒకటే, తాళం వేరు

'అయితే ఆ ఒక్క చిప్ మార్చేస్తే పోలే?' అన్నాడు మామ. అదే జరగదు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ కలవాలి. ఐ5-7400ది 1151 సాకెట్. ఆ తర్వాత 2017 అక్టోబరులో వచ్చిన ఎనిమిదో తరానిదీ 1151 సాకెట్టే. కానీ పాత బోర్డులో దాన్ని పనిచేయించేందుకు ఇంటెల్ ఒప్పుకోలేదు, కొత్త చిప్‌సెట్ ఉన్న బోర్డు కావాలంది. పేరు చూసి చిప్ కొనేస్తే డబ్బు నీళ్లపాలే.

ఏఎండీ ఏఎం4 సాకెట్ కొన్నవాళ్లది ఇంకో అదృష్టం. 2018లో బీ450 బోర్డు మీద రైజెన్ 5 2600 పెట్టించుకున్నవాళ్లు, బయాస్ అప్‌డేట్ చేసుకుని అదే బోర్డులో రైజెన్ 5 5600 వేసుకోవచ్చు. బోర్డు, ర్యామ్ మార్చనక్కర్లేదు. అందుకే కొనే రోజున వేగం ఒక్కటే కాదు, ఆ సాకెట్ ఆయుష్షు ఎంతో కూడా అడగాలి.

మామకు మాత్రం బోర్డు మార్చక తప్పదు.

గడియారం ఒకటి తిరుగుతోంది

వెనకటి రోజుల్లో లేని చిక్కులు ఇప్పుడు రెండున్నాయి. మొదటిది విండోస్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది. విండోస్ 11కి వెళ్దామంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి, టీపీఎం 2.0 సౌకర్యంతో ఉండాలి. మామ ఏడో తరం దగ్గరే ఆగిపోయాడు. గడువు దాటిన రోజున కంప్యూటరేమీ ఆగిపోదు. కానీ అదే కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేసేవాళ్లకు అది తలుపు గడియ లేని ఇల్లే.

రెండోది ర్యామ్. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్దఎత్తున కొనేయడంతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్ అమ్మే వ్యాపారాన్ని మూసేస్తున్నట్లు అమెరికా కంపెనీ మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఆగితే ధర తగ్గుతుందన్న పాత నమ్మకం ఇక్కడే బోల్తా పడింది. నంద్యాల షాపు లెక్క 75 వేలకు చేరడంలో కొత్త డీడీఆర్5 ర్యామ్ వాటా చిన్నదేమీ కాదు.

కానీ ఆ ర్యామ్ కొనక్కర్లేని దారి ఒకటుంది. ఇంటెల్ 12వ తరానికి డీడీఆర్4 ర్యామ్ పట్టే బోర్డులూ ఉన్నాయి. 2022లో వచ్చిన ఐ5-12400కి ఆరు కోర్లు. మామ దగ్గరున్న పాత 8 జీబీకి ఇంకో 8 జీబీ కలిపితే చాలు. క్యాబినెట్, మానిటర్, ఇతర సామాను అవే. మొత్తం 30 వేల లోపు తేలింది.

సరికొత్తది కాదే అని మామ కాస్త నసిగాడు. సరికొత్తదానికీ కష్టాలుంటాయి. ఇంటెల్ 13, 14 తరాల్లోని కొన్ని శక్తిమంతమైన ప్రాసెసర్లు నిలకడగా పనిచేయక 2024లో పెద్ద గొడవైంది. కంపెనీ సరిదిద్దే కోడ్ విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించాల్సి వచ్చింది. నలుగురూ వాడి చూసిన పాత తరం వస్తువుకు ఆ భయం తక్కువ.

అత్త తీసిన పుస్తకం

ఇంత చెప్పినా అసలు ప్రశ్న తేలలేదు. ఇప్పుడా? ఫీజు కట్టాక జూన్ తర్వాతా?

అప్పటిదాకా వంటింటి గడప దగ్గర నిలబడి వింటున్న అత్త లోపలికి వెళ్లి జమాఖర్చుల పుస్తకం తెచ్చింది. 'మీ మామ పోయిన సీజన్లో పదకొండు పెళ్లిళ్ల వీడియోలు ఎడిటింగ్‌కని నంద్యాల పంపించినాడు. ఒక్కోదానికి రెండున్నర వేలు. ఈయనకు చేయడం రాక కాదు, మన కంప్యూటర్ సాగక. కూడి చూడు నాయనా' అంది.

కూడితే 27,500 రూపాయలు!

గది కాసేపు నిశ్శబ్దం. ఒక్క సీజను ఆగితే కొత్త ప్రాసెసర్ ఖర్చు దాదాపు అంతా బయటివాళ్ల చేతికే పోతోంది. కొంటే ఆ డబ్బు జూన్ లోపే ఇంటికి తిరిగొస్తుంది, ఫీజుకూ అందుతుంది. 'సీజన్ మధ్యలో మార్చి తంటాలు పడేకన్నా ఈ మూఢంలో పెళ్లిళ్లు లేనప్పుడే కానిచ్చుకోండి' అని పుస్తకం మూసేసింది అత్త.

మర్నాడు మామ, నేను సిరివెళ్ల మీదుగా నంద్యాల వెళ్లాం. నలభై కిలోమీటర్ల దారి. సాయంత్రానికి పని అయింది. పాత కంప్యూటర్‌లో ఆరు గంటలు పట్టిన అదే వీడియోను రాత్రి మళ్లీ పెట్టాం. రెండు గంటల పైచిలుకులో పూర్తయింది.

అందరి జవాబూ 'కొను' కాదు

మామకు సరిపోయింది మీకూ సరిపోవాలని లేదు. ఉత్తరాలు టైపు చేయడానికి, రైలు టికెట్లకు, పిల్లల పాఠాలకు వాడే కంప్యూటరైతే ఎస్ఎస్‌డీ ఒక్కటి వేసి హాయిగా ఆగొచ్చు. అను ఫాంట్లతో, అడోబీ ఎప్పుడో ఆపేసిన పేజ్‌మేకర్‌తో నడిచే డీటీపీ షాపులవాళ్లు మరింత జాగ్రత్తపడాలి. కొత్త యంత్రంలో పాత సాఫ్ట్‌వేర్ నడుస్తుందో లేదో ముందు పరీక్షించాకే డబ్బు తీయాలి. కాలేజీలో చేరబోయే పిల్లలున్న ఇళ్లు, ఏ కోర్సో తేలేదాకా ఆగడమే మంచిది.

ఆళ్లగడ్డ శిల్పులకు పేరున్న ఊరు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన రాతి విగ్రహాలు కనిపించాయి. వాటిని చెక్కినవాళ్లెవరూ ఇంకా మంచి ఉలి వస్తుందని ఆగి ఉండరు. అలాగని అరిగిన ఉలితో రాయిని కొడుతూ కూర్చునీ ఉండరు.

కొనేముందు ఒక్కసారి...

* పని చేస్తుండగా టాస్క్ మేనేజర్ చూడండి. 100 శాతం దగ్గర ఉన్నది ఏదో దాన్నే మార్చండి.

* బోర్డు మోడల్ నంబరు రాసుకుని, ఏయే ప్రాసెసర్లు పడతాయో తయారీ కంపెనీ జాబితాలో చూడండి.

* ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండవు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే తెర మీద బొమ్మ రాదు.

* బోర్డు మారితే విండోస్ లైసెన్సు మళ్లీ కొనాల్సి రావచ్చు. ఆ ఖర్చూ లెక్కలో వేసుకోండి.

* పెట్టెతో వచ్చే ప్రాసెసర్లకు ఇంటెల్, ఏఎండీ మూడేళ్ల వారంటీ ఇస్తాయి. పెట్టె లేకుండా, జీఎస్టీ బిల్లు లేకుండా చౌకగా ఇస్తామంటే ఆలోచించండి.

* విప్పేముందు ఫొటోలు, వీడియోలు మరో డిస్కులోకి కాపీ చేసుకోండి. ప్రాసెసర్ పోతే ఇంకోటి కొనొచ్చు, ఎవరి పెళ్లి ఫొటోలో పోతే మళ్లీ తీయలేం!