మోదుగకు వాసన ఎందుకు లేదు

చదువు లేని అందగాణ్ణి వాసన లేని మోదుగ పువ్వుతో పోల్చిన సంస్కృత సుభాషితం ఒకటి తరతరాలుగా మన బడుల్లో వినిపిస్తోంది. చదువు గురించి చెప్పిన మాటలో తప్పేమీ లేదు. మోదుగ మీద మోపిన నింద మాత్రం న్యాయమైనది కాదు. ఆ పువ్వు ఎవరి కోసం పూస్తుందో, ఏ నెలలో, ఎలాంటి నేల మీద పూస్తుందో తెలుసుకుంటే, వాసన లేకపోవడం దాని లోపం కాదని అర్థమవుతుంది.

జహీరాబాద్ ప్రాంతంలో మోదుగ కోసం వెతకనక్కర్లేదు. బీదర్ వైపు నుంచి విస్తరించి వచ్చిన ఎర్రరాతి పీఠభూమి ఇది. ఎప్పుడో ప్రవహించి గడ్డకట్టిన దక్కన్ లావా రాళ్లు లక్షల ఏళ్ల ఎండావానలకు చివికి, కరిగేవన్నీ నీటితో కొట్టుకుపోగా, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలి గట్టిపడితే ఏర్పడిన లాటరైట్ నేల. పల్లపు చోట్ల మళ్లీ నల్లరేగడి. వాన చాలావరకు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే కురిసిపోతుంది. ఆ తర్వాత నెలల తరబడి నేల ఎండుతూనే ఉంటుంది. రాళ్లు తేలిన ఎర్రనేలలోనూ, వానాకాలంలో నీళ్లు నిలిచి వేసవిలో పగుళ్లు వారే రేగడిలోనూ ఒకేలా నిలదొక్కుకునే చెట్లు కొద్దే. మోదుగ వాటిలో ఒకటి. పొలం గట్ల మీద, బీడు భూముల్లో, కర్ణాటక సరిహద్దున చించోళి వైపు సాగే ఆకురాల్చే అడవుల్లో ఇది కనిపిస్తుంది. చిక్కటి అడవి కంటే వెలుతురు బాగా తగిలే పలుచని అడవి దీనికి ఇష్టం. మానులో వంకర్లే ఎక్కువ, ఎత్తు కూడా పెద్దగా ఉండదు. ఏడాదిలో పది నెలలు దాన్ని ఎవరూ పట్టించుకోరు.

చలి తగ్గుముఖం పట్టగానే మోదుగ ఆకులు రాలుస్తుంది. మహాశివరాత్రికి జనం ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుని జాతరకు కదిలే రోజుల నుంచి హోళీ దాకా కొమ్మల మీద ఆకు ఉండదు, పువ్వే ఉంటుంది. నీళ్లు కరువైన కాలంలో చెట్టు ఇంత పెద్ద పూత ఎలా నిలుపుతుందని అనుమానం రావడం సహజం. ఆకులు రాల్చడంలోనే దానికి సమాధానం ఉంది. చెట్టు నీటిని ఎక్కువగా కోల్పోయేది ఆకుల నుంచే. అవి రాలిపోతే లోతు వేళ్లు తోడిన తేమ, మానులో దాచుకున్న తేమ కొమ్మల్లో నిలిచి మొగ్గలకు అందుతుంది. ఆకుల మరుగు లేదు గనుక పూత కూడా ఎంతో దూరానికి కనబడుతుంది.

ఒక పువ్వును అరచేతిలో పెట్టుకుని విప్పి చూడాలి. అడుగున మందంగా, మఖమల్ గుడ్డలా మెత్తగా, ఇంచుమించు నల్లగా ఉన్న గిన్నె రక్షక పత్రావళి. అందులోంచి రెండంగుళాల దాకా సాగిన నారింజ ఎరుపు రేకులు ఐదు. చిక్కుడు, కంది పువ్వుల అమరికే ఇక్కడా ఉంది, ఎందుకంటే మోదుగ కూడా చిక్కుడు కుటుంబానిదే. వెనక్కి వాలిన పెద్ద రేకు ధ్వజ పత్రం, పక్కల రెండు బాహువులు, చిలుక ముక్కులా వంగి కలిసిపోయిన చివరి రెండు రేకులు ద్రోణి. రేకుల వెలుపల సన్నని వెండి నూగు ఉంటుంది. వంపు తిరిగిన ద్రోణిని గోటితో చీలిస్తే లోపల కేసరాలు పది. తొమ్మిది అడుగున ఒక గొట్టంగా అతుక్కుని ఉంటాయి, పదోది విడిగా ఉంటుంది. ఆ విడి కేసరం పక్కన మిగిలిన సందే మకరందానికి దారి. మకరందం గొట్టం అడుగున పలుచగా, సమృద్ధిగా ఊరుతుంది. ముక్కుకు ఆనించి పీల్చినా పరిమళం తెలియదు.

ఈ అమరిక పిట్టల కోసం ఏర్పడింది. తేనెటీగ కంటికి ఎరుపు సరిగా ఆనదు, పక్షి కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పూలను వెతకడానికి పక్షులు ఆధారపడేది కంటి మీదే, వాసన మీద కాదు. అందుకే పిట్టల కోసం పూసే పూలు ప్రపంచమంతటా సాధారణంగా ఎర్రగా, గట్టిగా, వాసన లేకుండా, పలుచటి తేనెతో నిండి ఉంటాయి. అమెరికా ఖండాల్లో హమ్మింగ్ పిట్టలు గాలిలో ఒకేచోట నిలిచి రెక్కలాడిస్తూ తేనె తాగుతాయి. మన తేనెపిట్ట మామూలుగా కొమ్మ మీద వాలి తాగుతుంది. మోదుగ పూలు బలమైన మోటు కొమ్మలకు అంటుకుని గుత్తులుగా పూస్తాయి గనుక వాలేందుకు చోటుకు కొదవ లేదు. పిట్ట ముక్కు లోపలికి దూర్చగానే ద్రోణి కిందికి జరిగి, కేసరాలూ కీలాగ్రమూ బయటికి వచ్చి దాని ఒంటికి తగులుతాయి. పుప్పొడి అంటుకుంటుంది, లేదా మరో చెట్టు నుంచి తెచ్చిన పుప్పొడి ఇక్కడికి చేరుతుంది.

పూత మీద వాలిన ప్రతి పిట్టా చెట్టుకు మేలు చేయదు. గోరింకలు, కాకులు, పిగిలిపిట్టలు విందుకు వస్తాయి. రామచిలుకలు పువ్వును తుంచి పడేస్తాయి. తేనెటీగలు పుప్పొడి కోసం వాలతాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు మోదుగ పునరుత్పత్తి మీద 2003లో ప్రచురించిన అధ్యయనంలో, వచ్చిన అనేక పక్షుల్లో ఊదారంగు తేనెపిట్ట మాత్రమే పరాగ సంపర్కాన్ని సమర్థంగా చేస్తోందని, దానికి తోడు ఉడుత కూడా ఆ పని చేస్తోందని తేల్చారు. బొటనవేలంత పిట్ట మీద ఇంత పెద్ద పూత ఆధారపడి ఉందన్నది నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే విషయం.

ఇక ఆ రంగు. దానికి మూలం బ్యూటెయిన్, ఐసోబ్యూట్రిన్ వంటి పదార్థాలు. ఇవి చాల్కోన్లు అనే రసాయన వర్గానికి చెందినవి. ఆమ్లం తగిలితే రంగు పసుపు వైపు తేలుతుంది, క్షారం తగిలితే ఎరుపు వైపు ముదురుతుంది. హోళీకి మోదుగ పూలు ఉడికించిన నీళ్లలో కాస్త సున్నం కలపడం వెనుక ఉన్న రసాయన శాస్త్రం ఇదే. ఈ గుణాన్ని తెలుగు నేల మీదే పరిశీలించి గ్రంథస్థం చేసిన తొలి యూరోపియన్లలో విలియం రాక్స్‌బర్గ్ ఒకరు. ఇప్పటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో పనిచేసిన ఆ వైద్యుడు పటికలో తడిపిన నూలు గుడ్డ మోదుగ పూల కషాయంలో మేలిమి పసుపు రంగు పట్టడం, క్షారం కలిపితే ఆ కషాయం ఎర్రబారడం, ఆమ్లం తగిలితే మళ్లీ పసుపుకు తిరగడం నమోదు చేశాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై 1795లో వెలువడ్డ అతని గ్రంథంలో మోదుగ చిత్రం ఉంది.

రాలిన పువ్వులోనూ రంగు అలాగే ఉంటుంది, ఎండబెట్టిన పూలూ రంగు ఇస్తాయి. కాబట్టి హోళీకి కొమ్మలు విరచాల్సిన పని లేదు. తెల్లవారేసరికి చెట్టు కింద పరుచుకుని ఉన్నవే చాలు. కొమ్మ మీదివి పిట్టల వాటా. ఆ ఎండిన నెలల్లో వాటికి తేనె ఇచ్చే చెట్లు అంతంతమాత్రమే.

పూత ముగిశాక కొత్త ఆకు వస్తుంది. ఒక్కో ఆకుకు మూడు పత్రకాలు. నడిమిది పెద్దది, పక్కలవి రెండూ ఒంటివాటంగా ఉంటాయి. తోలులా మందంగా, అడుగున పట్టులాంటి నూగుతో ఉండే ఈ ఆకులే ఇస్తారాకులకు పనికొచ్చినవి. వేడి అన్నం, పులుసు వడ్డించినా చినగవు. మేకలు వీటిని అంతగా ఇష్టపడవు, బీడు భూముల్లో మోదుగ మిగలడానికి అదీ ఒక కారణం.

కాయ ఇంకా విచిత్రం. చిక్కుడు కుటుంబంలో కాయకు పలు గింజలుండటం మామూలు. మోదుగ కాయలో ఒకే ఒక్క గింజ, అదీ కొసన. శాస్త్రనామం బ్యూటియా మోనోస్పర్మాలోని రెండో మాట చెప్పేది ఈ ఒంటి గింజ సంగతే. జానెడు లోపు పొడవున్న కాయలో మిగతా భాగమంతా పలుచని రెక్క. మే నెలాఖరు నుంచి మృగశిర కార్తె లోపు ఈదురుగాలులు లేచినప్పుడు కాయలు తిరుగుతూ కొంత దూరం ఎగిరి పడతాయి. వెంటనే వాన. తడి నేల కోసం గింజ వృథాగా ఎదురుచూడాల్సిన పని లేదు. గింజలో పాలసోనిన్ అనే ఘాటైన పదార్థం ఉంది. నులిపురుగుల మందుగా మోదుగ గింజలకు పేరు రావడానికి కారణం ఇదే. బొబ్బలెక్కించే పురుగుల విషం కాంథారిడిన్‌కు ఇది దగ్గరి చుట్టం కాబట్టి సొంత వైద్యానికి దిగకూడదు.

తెల్ల మోదుగ అని పిలిచే పసుపు పూల చెట్టు అక్కడక్కడా చాలా అరుదుగా ఉంటుంది. అది ఇదే జాతిలో రంగు మారిన రూపం. దానికి నిధులు చూపే శక్తి ఉందని నమ్మి వేళ్లు తవ్వేవాళ్లున్నారు. రంగు మారినంత మాత్రాన చెట్టుకు అలాంటి శక్తి రాదు. అరుదైన చెట్టు చావడమే ఆ తవ్వకాల ఫలితం.

మోదుగను నరికితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది, వేళ్ల నుంచి కూడా పిలకలు వేస్తుంది. నారగల ఆ వేళ్లతోనే ఒకప్పుడు తాళ్లు పేనేవారు, చివరలు చితక్కొట్టి గోడలకు సున్నం వేసే కుంచెలు చేసేవారు. గట్టు మీది చెట్టు పోయినా పిలకలుగా బతికే ఉంటుంది. అయితే ఆ పిలకలు ఎదిగి పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది, ప్రతి దున్నకానికీ అవి తెగుతుంటే పూత ఎప్పటికీ రాదు. గట్టుకు రెండువైపులా మూరెడు నేల దున్నకుండా వదిలితే పిలకలకు పెరిగే వీలుంటుంది.